పొరుగింటి చప్పుడు

మార్కాపురము, గిద్దలూరు మొదలగు పట్టణములలో ఇటీవల అంతస్తుపై అంతస్తుగా కట్టిన అపార్టుమెంట్లలో కాపురమున్న తలిదండ్రులు మాతో తరచుగా చెప్పుకొను మొర యొకటి కలదు. పై యింట కుర్చీ జరిపిన క్రింది యింట చదువుకొను పిల్లవాడు ఉలికిపడును. ప్రక్క యింటి టెలివిజను మాటలు పడకగదిలో వినవచ్చును. పరీక్షల దినములలో ఇది చిన్న బాధ కాదు. ఇరుగుపొరుగులకు మాటపట్టింపులును దీనివలననే పుట్టుచున్నవి. కావున చప్పుడు గోడను ఎట్లు దాటునో కొంచెము విచారింతము.

చప్పుడునకు రెండు త్రోవలు కలవు. మాటయు పాటయు గాలిలో అలలుగా వచ్చి గోడను తాకి దానిని మిక్కిలి స్వల్పముగా కదలించును; ఆ గోడ ఆవలి గాలిని కదలించును. బరువైన గోడ సులభముగా కదలదు. మన పాత యిండ్ల రాతిగోడలును మట్టిగోడలును మందమైనవి గాన మాటను చాలవరకు ఆపెడివి. నేటి కట్టడములలో బరువును కాంక్రీటు స్తంభములే మోయును గాన నడిమి గోడలను నాలుగున్నర అంగుళముల మందమున లేపుదురు. ఇరువైపుల పూత పూసిన అట్టి యిటుకగోడ సుమారు 45 డెసిబెలులు తగ్గించును. తొమ్మిది అంగుళముల గోడ సుమారు 50. మందము రెట్టింపయినను లాభము అయిదే యని చదువరులు గమనింతురు గాక.

గోడకంటె సందులు ఎక్కువ ద్రోహము చేయును. నూరు చదరపుటడుగుల గోడలో ఒక్క చదరపుటడుగు తెరపి యున్నచో, తక్కినది ఎంత గట్టిదైనను మొత్తముమీద 20 డెసిబెలులకు మించి తగ్గదు. తలుపు క్రింది సందు, ఒకేచోట గోడకు ఇరువైపుల తొలిచి పెట్టిన స్విచ్చి పెట్టెలు ఇట్టివే. కొందరు గోడకు గ్రుడ్ల అట్టలను అంటింతురు. అవి తేలికవి గాన పొరుగింటి మాటను ఆపవు. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున సబీను పండితుడు దిండ్లు పరచి ఉపన్యాసశాలలోని మారుమ్రోతను తగ్గించెను గాని, అది గది లోపలి సంగతి.

రెండవ త్రోవ కట్టడమే. దీనిని తెలియుటకు మార్కాపురపు పలక చాలును. బాలబాలికలారా, పలకను బల్లపై నుంచి బలపముతో మెల్లగా కొట్టుడు. ఒకరు బల్ల రెండవ కొనకు చెవి ఆనించి వినవలెను. పిమ్మట పలక క్రింద నాలుగు మడతల గుడ్డ నుంచి మరల కొట్టుడు. పలకయు బల్లయు మారలేదు; నడుమ మెత్తదనము చేరినది, చప్పుడు సన్నగిల్లినది. నున్నని టైల్సు పరచిన గచ్చుపై పడిన గిన్నె చప్పుడును కాంక్రీటు కప్పు అట్లే మోసికొని పోవును. క్రింది యింటివారు తమ కప్పునకు ఏమి అంటించినను ఫలము స్వల్పము. మందు పై యింటివారి చేతిలో నున్నది: కుర్చీకాళ్లకు రబ్బరు తొడుగులు, నడచు చోట మందమైన జంబుఖానా, మిక్సీ క్రింద మడతపెట్టిన గోనెసంచి. ఇంత స్వల్పవ్యయముతో పోవు బాధకు ఏండ్ల తరబడి పలుకరింపులు మానుకొనుట మాకు వింతగా తోచును.

కేంద్రప్రభుత్వపు 2000 నాటి నిబంధనలు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెలులను హద్దుగా పెట్టినవి; రాత్రి యనగా 10 గంటలు మొదలు ఉదయము 6 వరకు. 2016 నాటి జాతీయ భవననిర్మాణ స్మృతిలోను శబ్దనిరోధమునకు వేరుగా ఒక భాగము కలదు. అయినను ఇల్లు పూర్తియైన పిమ్మట గోడలను మార్చుట కష్టము. కొనదలచువారు పూత పూయకమునుపే పోయి గోడల మందమును, స్విచ్చి పెట్టెల చోటులను చూచుకొనవలెను; పడకగది గోడ పొరుగువారి వంటగదికి గాని లిఫ్టునకు గాని ఆనియున్నదేమో అడుగవలెను.