రైలుపెట్టెలో దీపము

కాజీపేట–సికింద్రాబాదు మార్గమున రఘునాథపల్లి యొక చిన్న స్టేషను. ఆవిరియంత్రముల కాలమున యంత్రము బండిని లాగుటయే గాని పెట్టెలలోని దీపములకు విద్యుత్తు నిచ్చెడిది కాదు. పెట్టె క్రింద, ఇరుసునుండి పట్టాతో తిరుగు డైనమో ఆ పని చేసెడిది. స్టేషనులో బండి ఆగినచో డైనమోయు ఆగును గదా! అయినను దీపము లారెడివి కావు. ఏల?

డైనమోకు తోడుగా పెట్టె క్రింద బ్యాటరీ యుండెడిది. దానిలోని ఒక్కొక్క ఘటము 2 వోల్టులది; ఒకదాని ధనధ్రువమును వేరొకదాని ఋణధ్రువముతో జేర్చుచు 12 ఘటములను వరుసగా కలిపినచో 24 వోల్టులు లభించును. బండి వేగమందుకొన్న పిదప డైనమో దీపములను వెలిగించుచు బ్యాటరీని గూడ చార్జి చేసెడిది. వేగము తగ్గగానే బ్యాటరీలోని విద్యుత్తు వెనుకకు మరలి డైనమోలో వృథాగా ప్రవహింపకుండ ‘కటౌటు’ అను మీట తనంతట తానే విడివడెడిది. ప్రయాణికులలో ఈ మీట నెరిగినవా రెందరు?

పట్టా తెగెనా, ఇక బ్యాటరీయే దిక్కు. బండి పరుగెత్తుచున్నను దానికి చార్జి లేదు. క్రమముగా పంకాలు మందగించెడివి, దీపములు ఎఱ్ఱబారెడివి, తుదకు పెట్టె చీకటియయ్యెడిది.