బడిలెక్క, బజారులెక్క: ప్రజ్ఞలోని భేదాలు

కోల్‌కతా, ఢిల్లీ నగరాల బజార్లలో సరుకులు అమ్మే పిల్లల గణనశక్తిని గురించిన ఒక విపులమైన అధ్యయనం 2025లో వెలువడింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ ప్రభృతులు జరిపిన ఈ పరిశీలనకు 1,436 మంది శ్రామిక బాలబాలికలను తీసుకున్నారు. పిల్లలను అడిగిన బేరాలు చిక్కుకొలతలతో కూడినవి. కిలో 20 రూపాయల చొప్పున 800 గ్రాముల బంగాళాదుంపలు, కిలో 15 రూపాయల చొప్పున కిలో 400 గ్రాముల ఉల్లిపాయలు కావాలన్నారనుకుందాం. మొత్తం 37 రూపాయలు; 200 రూపాయల నోటు ఇస్తే తిరిగి రావలసినది 163. కాగితం, కలం అవసరం లేకుండానే ఇటువంటి లెక్కలను పిల్లలలో దాదాపు అందరూ పరిష్కరించారు.

ఆ పిల్లలకే బడిలో కనిపించే రూపంలో, సరుకు పేరుగాని ధరగాని లేకుండా, వట్టి అంకెలతో లెక్కలు ఇచ్చినప్పుడు ఫలితం తారుమారైంది. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు నూటికి 32 మందే. బజారులో అంతకంటె కఠినమైన లెక్కను నిమిషంలో తేల్చిన బుద్ధి పలకమీది అంకెల ఎదుట నిలిచిపోయింది.

అధ్యయనంలో రెండవ భాగం ఉన్నది. దానిని విస్మరించడం న్యాయం కాదు. అదే పరిసరాలలోని బడులలో చదువుతూ, అమ్మకం అనుభవం లేని 471 మంది పిల్లలను కూడా పరీక్షించారు. వట్టి అంకెల సులభమైన లెక్కలలో వీరే మెరుగు. కాని బజారు బేరానికి సంబంధించిన ఒక లెక్కను శ్రామిక బాలలలో మూడవ వంతుకు పైగా సాధించగా, బడిపిల్లలలో నూటికి ఒక్కరు మాత్రమే సాధించగలిగారు. గుణకారానికి బదులు కాగితంపై గీతలు గీచి లెక్కించడం వంటి సుదీర్ఘ పద్ధతులను ఆశ్రయించి, జవాబు వచ్చేసరికి వారు ఎంతో ఆలస్యం చేశారు. ఒక గుంపు తెలివైనది, మరొక గుంపు మందమతి అని తీర్పు చెప్పడానికి ఇక్కడ వీలులేదు. ప్రశ్న ఏ రూపంలో అడిగితే ఆ రూపానికి అలవడిన ప్రజ్ఞ మాత్రమే బయటపడింది.

మానవుని ప్రజ్ఞ ఒక్కటేనా, అనేకమా అన్న వివాదానికి నూరేళ్ళకు పైబడిన చరిత్ర కలదు. 1904లో ఇంగ్లండులో చార్లెస్ స్పియర్మన్ ఒక విషయాన్ని గుర్తించాడు. ఒక పాఠ్యాంశంలో రాణించే విద్యార్థులు తక్కిన వాటిలో కూడా సగటుకంటె మెరుగుగా ఉండే ధోరణి కనిపించింది. వీటన్నిటి వెనుక ఒక సామాన్య ప్రజ్ఞ ఉన్నదని అతడు నిర్ణయించాడు. అదే ఏడు ఫ్రాన్సు ప్రభుత్వం సాధారణ బోధనతో ముందుకు సాగలేని పిల్లలను గుర్తించే మార్గం వెదకసాగింది. ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సైమన్ కలసి 1905లో రూపొందించిన ప్రశ్నావళి ఇందుకు సాధనమైంది. బినే ఉద్దేశం పిల్లలకు ప్రత్యేక సహాయం అందజేయడం. ప్రజ్ఞ పుట్టుకతో స్థిరపడిపోయిన పరిమాణమనీ, అభ్యాసంచేత పెరగదనీ చెప్పేవారిని 1909లో వెలువరించిన తన గ్రంథంలో అతడు తీవ్రంగా నిరసించాడు. 1911లో అతడు మరణించాడు. మరుసటి ఏడు జర్మనీలో విలియం స్టెర్న్ ప్రజ్ఞాలబ్ధి అనే భావనను ప్రతిపాదించాడు. 1916లో అమెరికాలో టెర్మన్ సవరించిన పరీక్షతో అది లోకమంతటా పాకింది. సహాయానికి పుట్టిన కొలబద్ద పిల్లల నొసటివ్రాతగా మారడానికి పదిపన్నెండేళ్ళు చాలాయి.

భారతదేశానికి ఈ కొలబద్దను తెచ్చినప్పుడు వెంటనే ఎదురైన చిక్కు భాష. పారిస్ పిల్లలకు పరిచయమైన వస్తువులు, మాటలు ఇక్కడి పల్లె పిల్లలకు తెలియవు. లాహోరులో సి. హెచ్. రైస్ బినే పరీక్షను హిందుస్తానీలోనికి మార్చాడు. బొంబాయి రాష్ట్రంలో వి. వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకు అనువుగా దానిని సవరించాడు. అంతకంటె మౌలికమైన పని చంద్రమోహన్ భాటియాది. అక్షరాలు రాని పిల్లవానిని అక్షరాలతో పరీక్షించడమేమిటన్నది అతని శంక. 1955లో అతడు వెలువరించిన క్రియాత్మక పరీక్షలలో రంగుచెక్కలను పేర్చి నమూనాను నిర్మించడం, పెట్టెలో బిళ్ళలను జరిపి కోరిన స్థానానికి చేర్చడం, చెయ్యి ఎత్తకుండా ఆకృతి గీయడం, ముక్కలను కలిపి బొమ్మను పూర్తిచేయడం వంటివి కలవు. చదువుకొన్న పిల్లలకు, చదువురాని పిల్లలకు వేరువేరు ప్రమాణాలు కూడా ఏర్పరచాడు. అక్షరం రాకపోవడం వేరు, ప్రజ్ఞ లేకపోవడం వేరు అని ఆచరణలో నిరూపించిన ఈ పనికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదనే చెప్పాలి.

సామాన్య ప్రజ్ఞావాదాన్ని కాదన్నవారు చాలామంది కలరు. థర్స్టన్ 1938లో ఏడు ప్రాథమిక సామర్థ్యాలను పేర్కొన్నాడు. వీరందరికంటె ఉపాధ్యాయలోకాన్ని ఎక్కువగా ఆకర్షించినవాడు హోవర్డ్ గార్డనర్. 1983లో అతడు బహుళ ప్రజ్ఞల సిద్ధాంతాన్ని ప్రకటించాడు. మాటల పట్టు, తర్కగణితాల పట్టు, స్వరలయల పట్టు, ఆకృతులను స్థలాన్ని మనస్సులో తిప్పి చూడగల నేర్పు, శరీరాన్ని చేతులను నియమించగల నేర్పు, ఎదుటివారి మనస్సు ఎరిగే శక్తి, తన మనస్సు తాను ఎరిగే శక్తి అని మొదట ఏడు చెప్పాడు. చెట్టు చేమలను, జీవరాశిని గుర్తించి వర్గీకరించే శక్తిని తరువాత చేర్చాడు. బడిలో మొదటి రెంటికే మార్కులు లభిస్తున్నాయన్న అతని ఆక్షేపణ ఎందరో ఉపాధ్యాయుల హృదయాలకు తాకింది. అయితే ఈ శక్తులు ఒకదానితో ఒకటి సంబంధం లేని వేరువేరు పెట్టెలన్న భాగానికి పరీక్షలలో తగిన బలం చేకూరలేదు. స్పియర్మన్ గమనించిన పరస్పర సంబంధం నేటికీ పరీక్షలలో కనిపిస్తూనే ఉన్నది.

ఒక ఘనకార్యాన్ని తీసుకొని ఇది ఏ ప్రజ్ఞకు చెందినదని అడిగి చూస్తే పెట్టెల చిక్కు బోధపడుతుంది. తెలుగువారి అష్టావధానాన్ని చూడండి. ఒకరు నిషిద్ధాక్షరితో అడుగడుగునా అక్షరాలను అడ్డుకొంటారు. ఒకరు సమస్యను, మరొకరు దత్తపదిని ఇస్తారు. అప్రస్తుత ప్రసంగం చేసేవారు నడుమ నడుమ ఏకాగ్రతను భంగపరచ జూస్తారు. గంటలు కొట్టేవారి లెక్క మనస్సులో నిలుపుకోవాలి. చివరకు పద్యాలన్నీ ధారణలో అప్పగించాలి. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి జంటగా ఊరూరా ఈ విద్యను ప్రదర్శించారు. ఛందస్సు మాటల పట్టా, లయ పట్టా? చమత్కారంగా జవాబు చెప్పి సభను నవ్వించడం ఎదుటివారి మనస్సెరిగిన నేర్పు కాదా? ఒకే పద్యంలో ఇవన్నీ పెనవేసుకొని ఉంటాయి.

నల్లగొండ ప్రాంతపు నేతపనిలో మరొక ఉదాహరణ లభిస్తుంది. పోచంపల్లి తరహా చీరకు నూలును ముందుగా ముడులు వేసి రంగులద్దుతారు. మగ్గం ఎక్కిన తరువాతగాని బొమ్మ తేలదు. నేయబోయే ఆకృతినంతటినీ మనస్సులో పరచుకొని, ఏ పోగు ఎక్కడ ముడిపడాలో ముందే ఎరిగి ఉండాలి. గుజరాత్‌లోని పాటన్ పటోలా నేతగాండ్లకు, ఒడిశాలోని సంబల్‌పూర్ నేతగాండ్లకు కూడా ఈ విద్య పరిచితమే. ఈ పనికి ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే ఆసు పోయడం అనే శ్రమ ఉన్నది. ఒక్కొక్క చీరకు చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించవలసి రావడంతో ఆడవారి భుజాలు పట్టుకుపోయేవి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి బాధను చూచి, ఏండ్ల తరబడి ప్రయత్నించి, 1999లో ఆసుయంత్రాన్ని రూపొందించాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. ఆయన చదువు ఆరవ తరగతితో ఆగింది. 2017లో ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. చేతి కదలికను మరచక్రాల భాషలోనికి మార్చిన ఆ బుద్ధిని ఏ వార్షిక పరీక్షా అడగలేదు.

శాంతినికేతన్ చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ జీవితం ఈ చర్చకు మరొక కోణాన్ని చేకూరుస్తుంది. 1904లో జన్మించిన ఆయనకు బాల్యంనుంచే చూపు బహు మందం. మామూలు బడులలో ఇమడలేక శాంతినికేతన్‌కు చేరాడు. 1956లో శస్త్రచికిత్స విఫలమై చూపు పూర్తిగా పోయింది. అయినా కాగితాన్ని మడచి, కత్తిరించి, వ్రేళ్ళతో తడిమి ఆకృతులను కూర్చాడు. 1972లో కళాభవన్ గోడపై పింగాణీ పలకల కుడ్యచిత్రాన్ని నిర్మించాడు. చూపు ద్వారా నేర్చిన స్థలజ్ఞానం స్పర్శ ద్వారా పని చేసింది. నేర్చిన ద్వారం మూసుకొన్నా నేర్చినది లోపల నిలిచి ఉన్నది.

ఇటీవలి కాలంలో బడులలో ప్రబలిన ఒక నమ్మకాన్ని ఇక్కడ పరిశీలించవలసి ఉన్నది. ఈ బిడ్డ కంటితో నేర్చేవాడు, ఈ బిడ్డ చెవితో నేర్చేది, ఈ బిడ్డ చేతితో నేర్చేవాడు అని విభజించి, ఎవరి పద్ధతిలో వారికి బోధిస్తే ఫలితం ఇనుమడిస్తుందని అంటారు. వినడానికి ఇది ఎంతో ఉదారంగా ఉంటుంది. కాని 2008లో పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు అంతవరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి, ఇట్టి విభజన వలన అభ్యసనం పెరుగుతుందనడానికి చాలినంత సాక్ష్యం లేదని తేల్చారు. తన సిద్ధాంతానికి ఈ విభజనకు సంబంధం లేదని గార్డనర్ స్వయంగా పలుమార్లు స్పష్టం చేశాడు. మందమతి అనే పాత ముద్రను చెరిపి, చేతితో నేర్చేవాడు అనే కొత్త ముద్ర వేస్తే పిల్లవానికి ఒరిగేదేమీ లేదు. పైగా చేతిపని వాడికి చాలునని లెక్కల పుస్తకాన్ని అతనినుండి దూరం చేసే ప్రమాదం ఉన్నది. ఈ ప్రమాదం ఎక్కువగా పేదల పిల్లలనే చుట్టుకొంటుందని వేరుగా చెప్పనక్కరలేదు.

బలాబలాలు పిల్లలలో లేవని దీని భావం కాదు. ఒకరికి పాట త్వరగా పట్టుబడుతుంది, మరొకరికి యంత్రం. ఆ బలాన్ని ఆధారంగా చేసుకొని బలం లేని చోటికి ఎట్లా చేర్చాలన్నదే ఉపాధ్యాయుని ముందున్న అసలు పని. ఇందుకు బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో వీధి వ్యాపారం చేసే బాలలను గురించి 1985లో వెలువడిన పరిశీలన దారి చూపుతుంది. పన్నెండేళ్ళ బాలుడొకడు కొబ్బరికాయలు అమ్ముతున్నాడు. కాయ ధర 35 క్రుజేరోలు. నాలుగు కాయలకెంత అని అడిగితే, మూడు కాయలకు 105, దానికి ముప్పై కలిపితే 135, మిగిలిన అయిదుతో 140 అని నోటితోనే తేల్చాడు. తరువాత 35ను 4తో గుణించమని కాగితం ఇచ్చారు. నాలుగు అయిదులు ఇరవై, సున్న వేసి రెండు చేతికి. ఆ రెండును మూడుతో ముందే కలిపి అయిదు చేసి, దానిని నాలుగుతో గుణించి 200 అని వ్రాశాడు. చేతికి వచ్చిన అంకెను గుణించక ముందే కలపడం ఇందులోని దోషం. బజారులో ఎన్నడూ 200 అని చెప్పి ఉండడు. నాలుగు కాయల ధర అతనికి తెలుసు.

ఈ తప్పు గుణకారం రాకపోవడం వల్ల జరిగినది కాదు. బడిలో నేర్చిన విధికి, తలలో ఉన్న పరిమాణానికి నడుమ వంతెన లేదు. వంతెన కట్టడానికి గొప్ప ఉపకరణాలేమీ అక్కరలేదు. బాలుడు నోటితో చేసిన మూడు కాయలు, ఒక కాయ అన్న విభజనను నల్లబల్లపై అంకెలలో వ్రాసి, గుణకార విధిని దాని ప్రక్కన ఉంచి, రెంటిలో ఏది ఎక్కడ కలుస్తున్నదో అతని చేతనే చెప్పించాలి. బడిపిల్లలకు ఇందుకు విలోమంగా త్రాసు, తూకపురాళ్ళు, చిల్లర నాణేలు అప్పగించి పుస్తకపు లెక్కను బేరంగా మార్చాలి. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదవ తరగతి వరకు ఒక పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా, స్థానికంగా ఉండే వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు మొదలైనవారి వద్ద పిల్లలు పని నేర్చుకోవాలని సూచించింది. ఆ పది రోజులలో కుమ్మరివాని బిడ్డ సారె వద్ద తోటివారికి గురువుగా నిలబడగలదు. పదకొండవ రోజున కుండ చుట్టుకొలత లెక్కకు ఉపాధ్యాయుడు ఆ బిడ్డనే మొదట నల్లబల్ల వద్దకు పిలువవచ్చు.