ఏడవ మునక
మూల వాక్యభాగము: 2 రాజులు 5:1-14



కొన్నేళ్ళ క్రితం నవాబుపేట వైపు నుంచి ఒక సహోదరుడు టీబీతో వచ్చాడు. రెండు నెలలు గోలీలు వాడాడు. దగ్గు పోయింది, ఆకలి పుట్టింది, పొలం పనికి కూడా వెళ్తున్నాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, రాత్రి ప్రార్థనల దేవుడు నాతోని మాట్లాడిండు. నీకు బాగైంది, ఇగ గోలీలు వద్దన్నడు" అన్నాడు. ఆయన ముఖంలోని సంతోషం చూసి నేను "దేవునికి స్తోత్రం" అన్నాను. అంతే అన్నాను. డాక్టరుగారిని అడిగావా అని అడగలేదు. తెమడ పరీక్ష చేయించావా అని అడగలేదు. కొన్ని నెలలకు ఆయన రక్తం కక్కుతూ మళ్ళీ వచ్చాడు. మొదటి మందులు ఇక పనిచేయలేదు. ఆ "స్తోత్రం" ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంటుంది.

దేవుడు నేటికీ తన బిడ్డలను నడిపిస్తాడని మనం నమ్ముతున్నాం. అయితే ఆయన స్వరాన్ని, మన మనసులోని కోరికను వేరుచేసి తెలుసుకోవడం ఎలా?

నయమాను సంగతి చూద్దాం. సిరియా సేనాధిపతి, కుష్ఠరోగి. ఆయన దగ్గరకు దేవుని మాట ఎవరి ద్వారా వచ్చిందో గమనించండి. మొదట, చెరపట్టి తెచ్చిన ఒక చిన్న పనిపిల్ల. తరువాత ఎలీషా పంపిన ఒక దూత. ప్రవక్త ఇంట్లోంచి బయటకే రాలేదు. చివరకు, కోపంతో వెళ్ళిపోతున్న యజమానిని బతిమాలిన సేవకులు. ముగ్గురూ ఆయనకంటే చిన్నవాళ్ళే. నయమాను మాత్రం ప్రవక్త వచ్చి నిలబడి, చెయ్యి ఆడించి బాగుచేస్తాడని అనుకున్నాడు. దొరికింది "పోయి స్నానం చెయ్యి" అనే మామూలు మాట. పైగా ఒకసారి కాదు, ఏడుసార్లు.

మొదటి మునకకు ఏమైందో, ఆరవ మునకకు ఏమైందో వాక్యం చెప్పదు. ఆరవ మునక దగ్గర ఒడ్డుకు వచ్చేసి ఉంటే? మన టీబీ రోగుల కష్టం వేరే రకం. మనకు రెండో మునకకే ఒళ్ళు తేలికవుతుంది. మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే జ్వరం, దగ్గు తగ్గుతాయి. కాని లోపల కొన్ని క్రిములు ఇంకా బతికే ఉంటాయి. మామూలు టీబీకి మందు ఆరు నెలలు వాడమనేది అందుకే. మధ్యలో మానితే మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగకుండా మొండివైపోతాయి. అప్పుడు వైద్యం కష్టమవుతుంది, దగ్గు ద్వారా ఇంట్లో పిల్లలకు కూడా అదే మొండి జబ్బు అంటుకోవచ్చు. మన అనంతగిరి గుట్టల మీద టీబీ దవాఖాన కట్టిన కాలంలో మంచి గాలి, విశ్రాంతి, తిండి మీదనే ఎక్కువ ఆధారపడేవారు. నేడు గోలీలున్నాయి, సర్కారు దవాఖానలో ఉచితంగా ఇస్తారు.

మందు వాడితే విశ్వాసం తక్కువైనట్టు కాదా అని కొందరు అడుగుతారు. హిజ్కియా రాజుకు దేవుడు ఇంకా 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని ముందే మాట ఇచ్చాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20:5-7). మాట ఇచ్చినవాడే మందు కూడా వేయించాడు.

మన తెలుగు నేలమీద జరిగిన మరో సంగతి. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. పై కులాల వారు కొందరు ఆయన బోధ పట్ల ఆసక్తి చూపారు. ఇంతలో మాదిగవారు విశ్వాసంలోకి రాసాగారు. వాళ్ళను చేర్చుకుంటే మేము రామని పై కులాల వారు చెప్పారు. దొరగారు, ఆయన భార్య హారియెట్ వేర్వేరు గదుల్లో ప్రార్థించారు. ఇద్దరికీ, ఒకరికి తెలియకుండా ఒకరికి, ఒకే వాక్యభాగం ఎదురైంది: 1 కొరింథీయులు 1:26 నుంచి. లోకం లెక్కచేయని వారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం అది. వారు లోబడ్డారు, నష్టం భరించారు.

దీన్ని చదివి, కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టడం మొదలుపెట్టకండి. జనవరి ఒకటిన తీసే వాగ్దాన కార్డుతో ఏడాదంతా నడిచేవాళ్ళు మన సంఘాల్లో ఇప్పటికే చాలామంది ఉన్నారు! ఆ దంపతులకు వచ్చిన మాట వాక్యమంతటితో ఏకీభవించింది, మరొకరి నోట స్థిరపడింది, వారికి అనుకూలమైన దారి కాకపోయినా వచ్చింది. 1876-78 కరువులో క్లౌగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి పని ఇచ్చారు. కూలి కోసం వచ్చినవారు కూటి కోసం బాప్తిస్మం అడుగుతారేమోనని కరువు పనులు జరిగినంత కాలం బాప్తిస్మాలు ఆపారు. ఆ తరువాతే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కనిపెట్టడం కూడా లోబడడమే.

కాబట్టి "మందు మానెయ్యి" అనే స్వరం వినబడితే, అది మీ లోపలిదైనా, ప్రార్థన చేసే అక్కదైనా, బోధకునిదైనా, తొందరపడకండి. పదిమంది కుష్ఠరోగులను యేసుప్రభువు యాజకులకు కనపరచుకొమ్మని పంపాడు (లూకా 17:14). ఆ దినాల్లో స్వస్థతను పరీక్షించేవారు వారే. నిజంగా దేవుడే బాగుచేసి ఉంటే, తెమడ పరీక్షకు ఆయన భయపడడు. డాక్టరు ఆపమన్నాకే ఆపండి. బీపీ, షుగర్ గోలీల విషయంలో కూడా ఇంతే. ఇంట్లో ఎవరైనా మందు వాడుతుంటే, ఈ వారం కుటుంబ ప్రార్థనలో నయమాను కథ చదివి, నయమాను సేవకుల పని మీలో ఎవరు చేస్తారో మాట్లాడుకోండి.

ఆ సహోదరుడు రెండోసారి చాలా ఎక్కువ కాలం మందులు వాడవలసి వచ్చింది. పూర్తిచేశాడు. చివరి గోలీ మింగిన వారం సంఘంలో సాక్ష్యమిచ్చాడు. కూర్చోబోతూ నా వైపు తిరిగి, "అయ్యగారూ, ఈసారి డాక్టరమ్మను అడిగే వచ్చిన" అన్నాడు.