కాగితం మీది కొలత – మిషన్ మీది స్వెటర్

చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో ఏ టైలరు దగ్గరికి వెళ్లినా మొదట అడిగే మాట "ఆది తెచ్చారా?" అని. ఆది ఇస్తే చాలు, దాన్ని బట్ట మీద పరిచి, సుద్దతో గీసి, కత్తిరిస్తారు. మిషన్ మీద అల్లే ఊలు స్వెటర్‌కు ఈ పద్ధతి సరిపోదు. అక్కడ కత్తిరించడానికి ముందుగా బట్టే ఉండదు. ఒక్కో వరుస అల్లుతూ ఉండగానే బట్టా తయారవుతుంది, దాని ఆకారమూ తయారవుతుంది. చంక దగ్గర ఎన్ని కుట్లు తగ్గించాలి, మెడ ఎంత వెడల్పు ఉండాలి అన్నది మొదటి వరుస వేయక ముందే తెలిసి ఉండాలి.

కాగితం మీద గీసిన నమూనాను అల్లిక మిషన్‌కు ఎలా మార్చుకోవాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. కుట్టుపని నేర్చుకునే చెల్లెళ్లకే కాదు, లెక్కలంటే భయపడే తమ్ముళ్లకు కూడా ఇది పనికొస్తుంది. ఇందులో ఉన్నది మనం చిన్న తరగతుల్లో చదివిన ఏకవస్తు పద్ధతే.

పరికరం చేసే పని

ఇళ్లలో వాడే అల్లిక మిషన్లకు ఆకారం చూపించే ఒక పరికరం అమర్చుకోవచ్చు. జపాన్ కంపెనీలలో బ్రదర్ వారు దీనికి నిట్ లీడర్ అనీ, సిల్వర్ రీడ్ వారు నిట్ రాడార్ అనీ పేరు పెట్టారు. మిషన్ మీద క్యారేజీ ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి నడిస్తే ఒక వరుస అవుతుంది. ప్రతి వరుసకూ పరికరంలోని షీటు కొద్దిగా ముందుకు జరుగుతుంది. షీటుకు అడ్డంగా కుట్ల సంఖ్యలు ముద్రించిన స్కేలు ఉంటుంది. షీటు మీద మనం గీసిన గీత ఆ స్కేలును ఏ అంకె దగ్గర తాకితే, ఆ వరుసలో అక్కడి వరకు కుట్లు ఉండాలని అర్థం.

పరికరం తనంతట తాను కుట్లు తగ్గించదు, పెంచదు. ఆ పని అల్లేవారు చేతితోనే చేయాలి. పరికరం చేసేదల్లా సెంటీమీటర్లను కుట్లుగా, వరుసలుగా మార్చి చూపించడమే. అందుచేత పరికరం లేకపోయినా కాగితం, పెన్సిలుతో అదే పని చేసుకోవచ్చు.

నమూనా సిద్ధం చేసుకోవడం

1. టైలరు వాడే కాగితపు నమూనాలో కుట్టుకు వదిలే బట్ట కూడా కలిసి ఉంటుంది. దాన్ని తీసివేయాలి. అల్లికలో ముక్కలు కలపడానికి రెండు పక్కలా ఒక్కో కుట్టు చాలు.

2. ఊలు అల్లిక సాగుతుంది. కనుక స్వెటర్ నమూనాకు టక్కులు సాధారణంగా అక్కర్లేదు. లూజు మాత్రం ఎంత కావాలో ముందే కలుపుకోవాలి.

3. నమూనాకు నిలువుగా మధ్య గీత, అడుగున దానికి లంబంగా అడ్డ గీత గీయాలి. చంక, భుజం, మెడ మొదలయ్యే బిందువులను ఈ రెండు గీతల నుంచి కొలిచి గుర్తించి, తర్వాత కలపాలి. ఇవి మన గ్రాఫులోని ఎక్స్, వై అక్షాలే.

4. కొన్ని పరికరాల షీటు సగం స్కేలులో ఉంటుంది. అప్పుడు ప్రతి కొలతనూ రెండుతో భాగించి గీయాలి. అశోక్‌నగర్ జిరాక్స్ షాపుల్లో 50 శాతానికి తగ్గించి తీయించుకోవచ్చు. అయితే 50 శాతం అంటే పొడవు సగం, వెడల్పు సగం. వైశాల్యం నాలుగో వంతు అవుతుంది. అసలు నమూనా మీద 10 సెం.మీ. గీత ఒకటి గీసి ఉంచండి. జిరాక్సులో అది సరిగ్గా 5 సెం.మీ. వచ్చిందో లేదో స్కేలు పెట్టి చూసుకోవాలి.

మచ్చు ముక్క

వాడబోయే ఊలుతోనే, అదే బిగువుతో ఒక ముక్క అల్లాలి. దాన్ని తడిపి ఆరబెట్టాక మధ్య భాగంలో 10 సెం.మీ. వెడల్పులో ఎన్ని కుట్లు, 10 సెం.మీ. పొడవులో ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కపెట్టాలి. మన ఉదాహరణకు 28 కుట్లు, 40 వరుసలు అనుకుందాం. అంటే 1 సెం.మీ.కు 2.8 కుట్లు, 4 వరుసలు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కుట్టు వెడల్పూ, వరుస ఎత్తూ సమానం కావు. ఒక గడికి ఒక కుట్టు చొప్పున మామూలు గ్రాఫు కాగితం మీద గీస్తే 10 సెం.మీ. చతురస్రం కాస్తా 28 గళ్ల వెడల్పు, 40 గళ్ల ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రంగా కనిపిస్తుంది. చూసి కంగారు పడనక్కర్లేదు. రెండు అక్షాలకు రెండు స్కేళ్లు ఉన్నాయంతే.

లెక్క చేద్దాం

పదేళ్ల పిల్లవాడి స్వెటర్ వెనుక భాగం తీసుకుందాం. ఛాతీ 66 సెం.మీ., లూజు 6 సెం.మీ., మొత్తం 72. అందులో సగం, అంటే వెనుక భాగం వెడల్పు 36 సెం.మీ.

వెడల్పు: 36 × 2.8 = 100.8. సరి సంఖ్య అయితే రెండు పక్కలా సమానంగా వస్తుంది కనుక 100 కుట్లు.
అడుగు పట్టీ పైనుంచి చంక వరకు 25 సెం.మీ.: 25 × 4 = 100 వరుసలు.
భుజం నుంచి భుజానికి 28 సెం.మీ.: 78.4, అంటే 78 కుట్లు.

చంకల దగ్గర తగ్గాల్సినవి 100 – 78 = 22. పక్కకు 11. మొదట 5 కుట్లు ఒకేసారి మూసి, మిగతా 6 కుట్లను రెండు వరుసలకు ఒకటి చొప్పున 12 వరుసల్లో తగ్గించాలి. చంక లోతు 16 సెం.మీ. కనుక మొత్తం 64 వరుసలు నడవాలి.

మెడ వెడల్పు 13 సెం.మీ.: 36 కుట్లు. మిగిలినవి 78 – 36 = 42; ఒక్కో భుజానికి 21. భుజం వాలు 2.5 సెం.మీ. అంటే 10 వరుసలు. రెండు వరుసలకు ఒకసారి చొప్పున 4, 4, 4, 4, 5 కుట్లు ఆపుతూ పోతే 21 పూర్తవుతాయి.

చేతి ఏటవాలు కూడా ఇంతే. కింద 22 సెం.మీ. (62 కుట్లు), పైన 30 సెం.మీ. (84 కుట్లు), పొడవు 32 సెం.మీ. (128 వరుసలు). పెరగాల్సినవి 22, పక్కకు 11. 128ని 11తో భాగిస్తే 11, శేషం 7. కనుక ప్రతి 11 వరుసలకు రెండు పక్కలా ఒక్కో కుట్టు పెంచి, చివరి 7 వరుసలు తిన్నగా అల్లాలి. భాగహారంలో మనం వదిలేసే శేషానికి ఇక్కడ ఒక పని దొరికింది!

మచ్చు లేకపోతే ఏమవుతుంది?

ఇదే 100 కుట్లను వేరే ఊలుతో, 10 సెం.మీ.కు 30 కుట్లు వచ్చేలా అల్లామనుకోండి. వెడల్పు 33.3 సెం.మీ. అవుతుంది. ముందూ వెనుకా కలిపి 66.6. పిల్లవాడి ఛాతీయే 66! లూజు మొత్తం పోయింది. 26 కుట్లు వస్తే ఛాతీ దాదాపు 77 సెం.మీ. అయి వేలాడుతుంది. గంటల కొద్దీ పని, ఊలు ఖర్చు రెండూ మచ్చు మీదే ఆధారపడి ఉన్నాయి. కాబట్టి ఒకరి ఊలుకు రాసిన అంకెలను మరొకరు కాపీ కొట్టకూడదు. కాపీ చేసుకోదగినవి సెంటీమీటర్లు మాత్రమే.

లెక్క ఎవరి చేతిలో ఉండాలి?

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో క్రైస్తవ మిషనరీలు 19వ శతాబ్దంలో లేసు అల్లిక నేర్పారు. తరతరాలుగా ఆడవాళ్లు ఆ పని చేస్తున్నారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ వారిపై పరిశోధన చేసి 1982లో పుస్తకం తెచ్చారు. ఒకరు ముక్కలు అల్లడం, మరొకరు అతుకుపని చేయడం, ఇదంతా ఇల్లాలి తీరిక వేళ వ్యాపకంగా లెక్కకు రావడం, లాభం వ్యాపారులకు చేరడం ఆమె చూపించారు.

మన అమ్మలకు, అక్కలకు వేళ్లలో పనితనం ఉంది. చాలామందికి లేనిది కొలతను అంకెగా మార్చే చదువు. నమూనా, లెక్క మరొకరి దగ్గర ఉన్నంత కాలం ముక్క కూలే మిగులుతుంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షలకు కూర్చుని నిష్పత్తి లెక్కలు వందల కొద్దీ చేసే మన పూర్వ విద్యార్థులు సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఒక పూట ఈ లెక్క వారికి చెప్పవచ్చు. వారి దగ్గర అల్లిక నేర్చుకోవచ్చు కూడా.

అభ్యాసం

మచ్చు: 10 సెం.మీ.కు 30 కుట్లు, 42 వరుసలు.

1. ఛాతీ 80, లూజు 8 సెం.మీ. అయితే వెనుక భాగానికి ఎన్ని కుట్లు? చంక వరకు 30 సెం.మీ.కు ఎన్ని వరుసలు?

2. చేయి కింద 24, పైన 34, పొడవు 40 సెం.మీ. ఎన్ని వరుసలకు ఒకసారి పెంచాలి?

జవాబులు: 1) 132 కుట్లు, 126 వరుసలు. 2) పక్కకు 15 కుట్లు, 168 వరుసల్లో ప్రతి 11 వరుసలకు ఒకసారి, చివర 3 వరుసలు తిన్నగా.