సోలార్ ప్యానెళ్లను కలిపే లెక్క

మా ట్యూషన్ సెంటరులో మగ్రిబ్ తరువాత పదో తరగతి పిల్లలు చదువుకుంటారు. కరెంటు పోయినా చదువు ఆగకూడదని 12 వోల్టుల బ్యాటరీ, దానికి 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటి పెట్టుకున్నాము. పిల్లల సంఖ్య పెరిగింది. ఒక దాత సరిగ్గా అలాంటిదే రెండో ప్యానెల్ ఇచ్చారు. ఆ ధైర్యంతో రెండు ఫ్యాన్లు కూడా తగిలించాము. వారం తిరగకముందే, పరీక్షల రోజుల్లో, రాత్రి ఎనిమిదికే లైట్లు ఆరిపోయాయి.

ప్యానెళ్లు రెండూ బాగానే ఉన్నాయి. తప్పు వాటిని కలిపిన తీరులో ఉంది. తరగతిలో శ్రేణి సంధానం, సమాంతర సంధానం బోధించే మేమే మేడ మీద వైర్లు ఎలా కలిపారో చూడలేదు. ఆ రోజు మేము నేర్చుకున్న పాఠం ఇది.

ముందుగా ప్యానెల్ వెనుక అంటించిన లేబుల్ చదవాలి. 12 వోల్టుల బ్యాటరీ కోసం చేసే ప్యానెల్‌లో మామూలుగా 36 సెల్స్ ఉంటాయి. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో సుమారు 18 వోల్టుల వద్ద 5.5 ఆంపియర్లు ఇస్తుంది. దేనికీ కలపకుండా కొలిస్తే వోల్టేజి సుమారు 22 ఉంటుంది.

ఒక ప్యానెల్ ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు కలిపితే అది శ్రేణి. వోల్టులు కలిసి 36 అవుతాయి, ఆంపియర్లు 5.5 గానే ఉంటాయి. ప్లస్‌ను ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు కలిపితే అది సమాంతరం. వోల్టులు 18 గానే ఉంటాయి, ఆంపియర్లు 11 అవుతాయి. లెక్కకు రెండూ 198 వాట్లే. మరి తేడా ఎక్కడ వచ్చింది?

తేడా ఛార్జ్ కంట్రోలర్ దగ్గర వచ్చింది. మాది పీడబ్ల్యూఎం రకం. అది ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలుపుతుంది, కాబట్టి ప్యానెల్ వోల్టేజి బ్యాటరీ స్థాయికి, అంటే సుమారు 13కు దిగిపోతుంది. మిగిలిన వోల్టులు వృథా. శ్రేణిలో బ్యాటరీకి చేరేది 13 × 5.5, అంటే సుమారు 72 వాట్లు. ఒక్క ప్యానెల్ ఇచ్చేదీ అంతే! సమాంతరంలో 13 × 11, అంటే 143 వాట్లు.

ఎంపీపీటీ రకం కంట్రోలర్ అయితే ఎక్కువ వోల్టులను ఆంపియర్లుగా మార్చుకుంటుంది. దానికి శ్రేణి కూడా పనికొస్తుంది. అయితే 22, 22 కలిసి 44 వోల్టులు అవుతాయి, చలి ఉదయాల్లో ఇంకా పెరుగుతాయి. కంట్రోలర్ తట్టుకునే పరిమితి అంతకంటే ఎక్కువ ఉండాలి.

ప్యానెళ్లు వేర్వేరు సైజులవైతే? 18 వోల్టుల 100 వాట్లది, 18 వోల్టుల 40 వాట్లది సమాంతరంగా నిక్షేపంగా కలపవచ్చు. శ్రేణిలో మాత్రం చిన్నదాని 2.2 ఆంపియర్లే పెద్దదానికీ హద్దు అవుతాయి, లేదా బైపాస్ డయోడ్ వల్ల చిన్నది పనిలేకుండా ఉండిపోతుంది. సమాంతరానికి వోల్టులు, శ్రేణికి ఆంపియర్లు సరిపోలాలి. వాట్లు సమానం కానక్కరలేదు.

కలిపే ముందు ఇవి చూసుకోండి:

1. ఇలాంటి రెండు ప్యానెళ్ల గరిష్ఠ కరెంటు సుమారు 12 ఆంపియర్లు. 10 ఆంపియర్ల కంట్రోలర్ చాలదు, కనీసం 15 కావాలి.

2. కరెంటు రెట్టింపైతే అదే వైరులో వేడి రూపంలో పోయే నష్టం నాలుగు రెట్లవుతుంది. లావు వైరు వేయాలి.

3. బ్యాటరీ ప్లస్ పక్కనే ఫ్యూజు ఉండాలి.

4. కంట్రోలర్‌కు ముందు బ్యాటరీని, తరువాత ప్యానెళ్లను కలపాలి. విప్పేటప్పుడు ముందు ప్యానెళ్లను తీయాలి.

5. ప్యానెళ్లు రెండూ ఒకే దిక్కుకు ఉండాలి, నీడ పడకూడదు.

మేము వైర్లు మార్చి కలిపాము, కంట్రోలర్‌ను 20 ఆంపియర్లది పెట్టాము. పిల్లలు ఇప్పుడు చదువు ముగించుకునే ఇంటికి వెళుతున్నారు. దాత ఇచ్చింది మన దగ్గర అమానతు. దాన్ని తీసుకొచ్చి బిగించినంత మాత్రాన సరిపోదు. అది పూర్తిగా పనిచేస్తోందో లేదో కొలిచి చూడటం కూడా మన బాధ్యతే.