ముందు వరుస బావ, వెనక వరుస బామ్మర్ది

సమస్య

నాకు ముప్పై దాటాయి. ఊరు విజయవాడ, ఉద్యోగం హైదరాబాద్‌లో. అక్క పెళ్లయిన కొత్తలో బావకీ నాకూ మాటలు కలిపింది ఒక సంగీత దర్శకుడి పాటలే. ఆయన పేరు రాయడం బాగుండదు గానీ, ఇద్దరికీ ఆయనంటే పిచ్చి. పండక్కి ఇంటికెళ్తే మేడ మీద చాప వేసుకుని, ఫలానా చరణం ముందు వేణువు ఎవరు వాయించారు, కోరస్‌లో వినపడే ఆ గొంతు ఎవరిది అంటూ తెల్లారగట్ల దాకా మాట్లాడుకునేవాళ్లం.

ఈమధ్య హైదరాబాద్‌లో ఆయన కచేరీ జరిగింది. బావకి తెలిసినవాళ్ల ద్వారా స్టేజి ముందు వరుస పాస్ దొరికింది. నేను నాలుగు వేలు పెట్టి టికెట్ కొన్నాను, చోటు మైదానం చివర వచ్చింది. బండి పెట్టి గేటు దాటేసరికే మొదటి పాటలు అయిపోయాయి. స్క్రీన్ మీద ఆయన పెదాలకీ, చెవిన పడే మాటకీ పొంతన లేదు. డ్రమ్స్ గుండెల మీద బాదుతున్నాయి గానీ పల్లవి ఒక్క ముక్క అర్థం కాలేదు. ట్రాక్ పెట్టి పెదాలు ఆడిస్తున్నారేమోనని కూడా అనిపించింది. నాకు ప్రాణమైన పాటలు ఒక్కటి తప్ప పాడనే లేదు. ఆ ఒక్కదానికీ బాణీ మార్చేశారు.

తర్వాత మా కజిన్స్ వాట్సాప్ గ్రూపులో ఆయన కచేరీలన్నిటిలోకీ చెత్తది ఏదని చర్చ మొదలైంది. నేను దీనికే ఓటేశాను. ఆయన గొంతు పోయింది, ఇక ఆపేస్తే గౌరవంగా ఉంటుందని కూడా రాశాను. "నువ్వసలు అభిమానివే కాదురా, టికెట్ డబ్బు లెక్కలు చూసుకునేవాడివి" అని పెట్టి బావ గ్రూపులోంచి వెళ్లిపోయాడు. అక్క మధ్యలో నలిగిపోతోంది. ఇప్పుడు వచ్చే కచేరీకి టికెట్లు కొంటూ, నాకూ కొనాలా అని అక్క చేతే అడిగించాడు. వెళ్లాలా? అన్న మాట వెనక్కి తీసుకోవాలా?

– ఒక అభిమాని, విజయవాడ

సలహా

బావ స్టేజి ముందు, బామ్మర్ది మైదానం చివర. ఉత్తరంలో మాటవరసకి దొర్లిన ఈ వివరంలోనే తగాదా సగం ఉంది. ఇద్దరూ విన్నది ఒకే కచేరీ కాదు.

గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. స్టేజికి 100 మీటర్ల దూరంలో నిలబడినవాళ్లకి పాట దాదాపు 0.3 సెకను ఆలస్యంగా చేరుతుంది, స్క్రీన్ మీద బొమ్మ మాత్రం అప్పటికప్పుడే కనిపిస్తుంది. పెదాలు ముందు, మాట వెనక. ట్రాక్ అనుమానాలు చాలావరకు ఇలా వెనక వరుసల్లోనే పుడతాయి. దూరంగా ఉన్నవాళ్ల కోసం మైదానం మధ్యలో అదనంగా స్పీకర్లు నిలబెడతారు. వాటికి వెళ్లే శబ్దాన్ని లెక్క కట్టి ఆ కాస్త ఆపి వదలాలి, అప్పుడే స్టేజి దగ్గరి స్పీకర్ల మోతతో కలుస్తుంది. ఆ లెక్క తప్పితే ప్రతి మాటా రెండుసార్లు పడి ముద్దైపోతుంది. అసలు ఆ స్పీకర్లే పెట్టకపోతే మరో తిప్పలు: స, శ, ట, త లాంటి హల్లుల్లోని సన్నటి శబ్దాన్ని దూరం పెరిగేకొద్దీ గాలి మింగేస్తుంది, డ్రమ్స్ మోతకి మాత్రం ఏమీ కాదు. పల్లవి అర్థం కాకపోవడానికి ఇది చాలు. గొంతు పోయిందో లేదో అక్కడి నుంచి తేల్చడం ఎవరి తరమూ కాదు.

ట్రాక్ వేసేవాళ్లు లేరని కాదు. 2017 మేలో నవీ ముంబయిలో జస్టిన్ బీబర్ కచేరీ అయ్యాక ఆ ఆరోపణ దేశమంతా మోగింది. కానీ అది తేల్చాలంటే ముందు వరుసలోనైనా ఉండాలి, రికార్డింగైనా చేతిలో ఉండాలి.

ఒకే రాత్రి రెండు కచేరీలు కావడానికి ఈ మధ్యకాలంలో చెన్నైని మించిన ఉదాహరణ లేదు. 2023 సెప్టెంబరు 10న ఈస్ట్ కోస్ట్ రోడ్డులో ఏఆర్ రెహమాన్ 'మరక్కుమా నెంజమ్' కచేరీ జరిగింది. ఆగస్టులో జరగాల్సింది వానతో వాయిదా పడి ఆ రోజుకి వచ్చింది. లోపల ముందు కూర్చున్నవాళ్లు పాటలు విని మురిసిపోయారు. టికెట్ చేతిలో పెట్టుకుని గేటు దాకా వెళ్లలేక వెనుదిరిగినవాళ్లు ఎందరో. తొక్కిసలాటలో ఊపిరాడలేదని, ఆడవాళ్లకి వేధింపులు ఎదురయ్యాయని ఫిర్యాదులు వచ్చాయి. ట్రాఫిక్‌లో ముఖ్యమంత్రి కాన్వాయే చిక్కుకుంది. నిర్వాహకులు తప్పు తమదేనన్నారు, రెహమాన్ కూడా లోపలికి రాలేకపోయినవాళ్లని టికెట్ కాపీలు పంపమన్నారు. ఆ రాత్రి కోపం ఎక్కువగా ఏర్పాట్ల మీదే, అయినా ఆయన కచేరీల్లో చెత్తది అదేనన్న అభిమానులు ఉన్నారు. అదే రెహమాన్ 2017 జులైలో లండన్ వెంబ్లీలో పాడినప్పుడు గొడవ గేటు దగ్గర కాదు, భాష దగ్గర. తమిళ పాటలు ఎక్కువయ్యాయని కొందరు హిందీ శ్రోతలు లేచి వెళ్లిపోయి డబ్బు వాపసు అడిగారు. పాటలు లెక్కపెట్టి, హిందీవే ఎక్కువని తిప్పికొట్టినవాళ్లూ ఉన్నారు. ఈ రెంటినీ ఒకే జాబితాలో ఎక్కించి ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు ఇస్తే ఆ జాబితాకి అర్థమేముంది?

ఇష్టమైన పాట పాడకపోవడం సంగతికొస్తే, ఆ నిర్ణయం ఒక్కోసారి గాయకుడి చేతిలోనే ఉండదు. 2017 మార్చిలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తన యాభై ఏళ్ల పాటల ప్రయాణం పేరుతో అమెరికాలో కచేరీలు చేస్తున్నారు. అనుమతి లేకుండా తన పాటలు పాడకూడదని ఇళయరాజా తరఫున లీగల్ నోటీసు వచ్చింది. చట్టం అదే అయితే పాటిస్తానని బాలు ప్రకటించి, ఆ పాటలు పక్కన పెట్టేశారు. టికెట్లు కొనుక్కుని 'సాగర సంగమం', 'స్వాతిముత్యం' పాటల కోసం ఎదురుచూసే తెలుగువాళ్ల పరిస్థితి ఊహించుకోవచ్చు. సాగర సంగమానికి ఆ ఇద్దరికీ జాతీయ అవార్డులు వచ్చాయి మరి! ఇద్దరూ మళ్లీ చెన్నైలో ఒకే వేదికెక్కేసరికి 2019 వచ్చింది.

బాణీ మార్చడం మీద పోట్లాట మాత్రం తేలేది కాదు. 1965 జులై 25న అమెరికాలోని న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకొచ్చినప్పుడు జనం గోల చేశారు. ఎందుకు చేశారన్నది ఇప్పటికీ తెగలేదు. జానపదానికి ద్రోహం చేశాడని కొందరంటారు. సౌండ్ ఘోరంగా ఉండి మాటలు వినపడకేనని కొందరు, బృందంతో మూడే పాటలు పాడి దిగిపోయినందుకని మరికొందరు. జానపద గాయకుల్లో పెద్దాయన పీట్ సీగర్ కూడా తన కోపమంతా మాటలు వినపడనివ్వని సౌండ్ మీదేనని తర్వాత చెప్పుకొచ్చారు. మరుసటి ఏడాది మే 17న మాంచెస్టర్‌లో ఒక శ్రోత డిలన్‌ని "జూడాస్" అని కేకేశాడు, ఏసుని పట్టిచ్చిన శిష్యుడి పేరు అది. డిలన్ బృందం వైపు తిరిగి ఇంకా గట్టిగా వాయించమన్నారు. ఆ రాత్రి రికార్డింగు లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌ది అన్న తప్పుడు పేరుతో ఏళ్ల తరబడి దొంగచాటుగా చేతులు మారి, చివరికి 1998లో అధికారికంగా విడుదలైంది. ఇప్పుడది అభిమానులు అపురూపంగా దాచుకునే కచేరీ. అంతమాత్రాన కేకేసినవాడు అభిమాని కాకుండా పోడు. పాత డిలన్‌ని అంతగా ప్రేమించబట్టే అతనికి అంత మంట పుట్టింది.

జాబితాలో ఎక్కించకూడని కచేరీలూ ఉంటాయి. 2011 జూన్ 18న బెల్‌గ్రేడ్‌లో గాయని ఆమీ వైన్‌హౌస్ మాటలు మర్చిపోయి, సరిగ్గా నిలబడలేక తడబడుతుంటే జనం ఈలలు వేసి ఎగతాళి చేశారు. జులై 23న ఆమె చనిపోయింది. "ఆపేస్తే గౌరవంగా ఉంటుంది" అని గ్రూపులో టైప్ చేసేముందు ఇది ఒకసారి తలుచుకుంటే బాగుండేది.

కాబట్టి వెనక్కి తీసుకోవాల్సింది ఆ ఒక్క వాక్యమే, గొంతు గురించి అన్నది. గేటు గురించి, సౌండ్ గురించి అన్నదాంట్లో అక్షరం కూడా మార్చక్కర్లేదు. అది గ్రూపులో కాదు, నిర్వాహకులకి రాయాలి. టికెట్, డబ్బు కట్టిన రసీదు, చేతి బ్యాండు, ఫోన్లో తీసిన వీడియో ఉంటే దాచండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు. ఇక డబ్బు లెక్క అన్న ఎత్తిపొడుపు సంగతి. పాస్ మీద వెళ్లిన బావగారు ఆ మాట అనడం కాస్త విడ్డూరమే. నవ్వుతూనే ఆ సంగతి ఆయనకి గుర్తు చేయొచ్చు.

వచ్చే కచేరీకి వెళ్లండి. అక్క చేత కబుర్లు పంపుకోవడం మానేసి బావగారికి మీరే ఫోన్ చేయండి. ఈసారి పాస్ దొరికినా ఆయన్ని తీసుకోవద్దనండి. ఇద్దరికీ పక్కపక్క సీట్లు, వీలైతే మిక్సర్ బల్లకి దగ్గర్లో, ఎందుకంటే సౌండ్ ఇంజినీరు తన చెవితో విని సరిచేసుకునేది అక్కడి నుంచే. మీ టికెట్ డబ్బు మీరే ఇవ్వండి, గేటు తెరిచే టైముకే అక్కడుండండి.