ప్రాజెక్టు కాగితంలో మన నీటి వాటా ఎక్కడుంది?

చెరువు కింద యాసంగి తైబందీ ఎలా చేస్తారో ఊళ్లో పెద్దవాళ్లకు బాగా తెలుసు. నలుగురూ కట్ట మీద నిలబడి నీరు ఎంత ఉందో చూస్తారు. ఎండలు ముదిరేదాకా ఎన్ని తడులు ఇవ్వొచ్చో లెక్క వేస్తారు. ఈసారి ఈ తూము కింద ఇన్ని ఎకరాలే నాటు, మిగతాది ఆరుతడి అని తేలుస్తారు. ఆ మాట ప్రకారం నీరటి తూము తీస్తాడు. అంతా నలుగురి ముందూ జరుగుతుంది కనుక తగవు వచ్చినా అక్కడే తీరుతుంది.

పెద్ద ప్రాజెక్టుకు కూడా తైబందీ ఉంది. కాకపోతే అది కట్ట మీద కాదు, శంకుస్థాపన రాయి పడటానికి ఎంతో ముందే కాగితం మీద జరిగిపోతుంది. ఆ కాగితం పేరు సమగ్ర ప్రాజెక్టు నివేదిక. ఆఫీసుల్లో డీపీఆర్ అంటారు. ఏ నదిలో ఎంత నీరు దొరుకుతుంది, అందులో పట్నానికి ఎంత, ఫ్యాక్టరీలకు ఎంత, పొలానికి ఎంత, ఏ పంటకు ఎంత అన్నవన్నీ అందులోనే ఉంటాయి. ప్రజాభిప్రాయ సేకరణ సభకు వెళ్లే రైతులు ఎక్కువగా భూమి పరిహారం గురించే మాట్లాడతారు. ముంపులో భూమి పోయేవారి బాధ అది, తప్పు పట్టలేం. కానీ కాలువ వస్తుందని ఆశపడి వెళ్లిన రైతు కూడా నీటి లెక్క అడగకుండా తిరిగొస్తే, ఆ ప్రశ్న పదేళ్ల తర్వాత ఎండిన కాలువ చివర నిలబడి అడగాల్సి వస్తుంది.

కాబట్టి ఈ వారం ఆ లెక్క చదవడం నేర్చుకుందాం. ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. మన రాజధాని పక్కన మాదాపూర్‌లో హైటెక్ సిటీ ఉంది కదా, అక్కడి కుళాయితోనే మొదలుపెడదాం.

కుళాయి వెనక నాలుగు నదులు

సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. దానికి కూతవేటు దూరంలోనే దుర్గం చెరువు. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ కోటకు నీరిచ్చిన చెరువు అది. ఇప్పుడు దాని చుట్టూ అద్దాల మేడలున్నాయి, పైన తీగల వంతెన ఉంది. ఆ మేడల్లో తాగే నీరు మాత్రం ఆ చెరువుది కాదు.

1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసింది. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి వరద ఆపే ఉపాయం అడిగారు. ఆయన ప్రణాళిక ప్రకారం మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఒకే కట్టతో వరదా ఆగింది, తాగునీరూ దొరికింది. పట్నం పెరిగేకొద్దీ ఆ నీరు చాలలేదు. మంజీర నీళ్లు 1965లో వచ్చాయి. తర్వాత సింగూరు. 2004లో కృష్ణా మొదటి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది. అదే 2015లో ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్ల పైచిలుకు గొట్టాల్లో గోదావరి. ఈ ప్రాజెక్టుల్లో ప్రతిదానికీ ఒక నివేదిక, ఒక కేటాయింపు ఉన్నాయి. ఆ నదుల మీదే ఆధారపడ్డ రైతులూ ఉన్నారు.

మంజీర సంగతే చూడండి. నిజాంసాగర్‌ను 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. మొదట అనుకున్న ఆయకట్టు దాదాపు 2.75 లక్షల ఎకరాలు. దానికి ఎగువన సింగూరు కట్టారు. గోదావరి ట్రిబ్యునల్ 1980లో ఇచ్చిన తీర్పులో సింగూరు నుంచి హైదరాబాద్ తాగునీటికి 4 టీఎంసీలు అని స్పష్టంగా ఉంది. పట్నానికి ఎంత అన్నది అంకె వేసి రాశారు. మధ్యలో ఘనపూర్ ఆనకట్ట రైతులు, కింద నిజాంసాగర్ రైతులు మాత్రం వానలు తక్కువైన ప్రతిసారీ సింగూరు గేట్లవైపే చూస్తూ వచ్చారు. 2015 కరువులో సింగూరు, మంజీర రెండూ ఎండాయి. పట్నం అప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లతో గడిపింది. ఒక నది ఎండితే ఇంకో నది ఉండేలా పట్నానికి ప్రణాళిక వేశారు. కాలువ కింద రైతుకు ఇంకో కాలువ ఉండదు. ఆ లోటు బోరు వేసుకుని పూడ్చుకుంటాడు. ఆ ఖర్చు ఏ నివేదికకూ ఎక్కదు.

పట్నానికి నీళ్లు వద్దని ఇక్కడ అనడం లేదు. మన పిల్లలే ఆ మేడల్లో కొందరు కంప్యూటర్ ముందు, కొందరు గేటు దగ్గర పని చేస్తున్నారు. వాళ్లు తాగాల్సిందే. జాతీయ జల విధానం 1987 నుంచీ తాగునీటికే మొదటి స్థానం ఇచ్చింది. అయితే 2012 విధానం చదివితే ఒక తేడా కనిపిస్తుంది. తాగడానికి, పారిశుద్ధ్యానికి కావలసిన నీరు అన్నిటికన్నా ముందు అని చెప్పి, ఆ వెనకే మిగతా ఇంటి అవసరాలు, ఆహార భద్రత, బతుకుదెరువు సేద్యం అని రాశారు. పచ్చిక మైదానం తడపడం, మేడలు చల్లబరచడం తాగునీరు కాదు. కాబట్టి నివేదికలో ‘పట్టణ నీటి సరఫరా’ అని ఒకే ముద్దగా ఉంటే, అందులో తాగడానికి ఎంత, పరిశ్రమలకు ఎంత అని విడదీసి అడగవచ్చు. కాళేశ్వరం నివేదికలో అలా విడదీసే రాశారు: హైదరాబాద్ తాగునీటికి 30 టీఎంసీలు, పరిశ్రమలకు 16, దారిలో ఉన్న గ్రామాలకు 10, సాగుకు 169.

ఇంకో అంకె కూడా చూడదగ్గది. మహానగరాల్లో మనిషికి రోజుకు 150 లీటర్లు అన్న ప్రమాణంతో ప్రణాళిక వేస్తారు. జల్ జీవన్ మిషన్‌లో పల్లెకు పెట్టుకున్న ప్రమాణం 55 లీటర్లు.

‘75 శాతం’ అంటే?

నివేదికలో ‘75 శాతం విశ్వసనీయత’ అన్న మాట వస్తుంది. దీన్ని చాలామంది 75 శాతం నీళ్లు వస్తాయని అర్థం చేసుకుంటారు. అది కాదు. నూరేళ్లలో 75 ఏళ్లు ఆ నీరు దొరుకుతుంది, మిగతా 25 ఏళ్లు దొరకదు అని. అంటే సగటున నాలుగేళ్లకు ఒక ఏడు లోటు ఉంటుందని ముందే ఒప్పుకుని కట్టే ప్రాజెక్టు. సేద్యపు ప్రాజెక్టులకు సాధారణంగా ఇదే కొలత. తాగునీటికి మాత్రం ఏ ఏడూ తప్పకూడదన్నట్టు లెక్క వేస్తారు.

బచావత్ ట్రిబ్యునల్ 1973లో 78 ఏళ్ల ప్రవాహాలు చూసి, కృష్ణాలో 75 శాతం విశ్వసనీయతతో దొరికే నీరు 2,060 టీఎంసీలు అని తేల్చింది. మనం నికర జలాలు అని పిలుచుకునేది దీన్నే. అంతకు మించి పారే ఏడాది పారేవి మిగులు జలాలు. మీ కాలువ దేని మీద కట్టారో తెలుసుకోవడం మీ విత్తనం రకం తెలుసుకోవడం లాంటిదే. మిగులు జలాల మీద కట్టిన కాలువను నమ్ముకుని అప్పు చేసి పొలం చదును చేయించకండి. నీళ్లు వచ్చిన ఏడు వాడుకోండి, అంతే.

టీఎంసీకి ఎన్ని ఎకరాలు?

టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. ఎకరా పొలం 43,560 చదరపు అడుగులు కదా. భాగించి చూస్తే ఒక టీఎంసీ నీటిని దాదాపు 22,950 ఎకరాల్లో అడుగు లోతున నిలపవచ్చు. కాలువలో ఇంకిపోయేది కూడా కలుపుకుని వరికి నాలుగు అడుగులు కావాలనుకుంటే, టీఎంసీకి 5,700 ఎకరాలకు మించి పారదు. ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే సగం నివేదిక చదివినట్టే.

కాళేశ్వరంలో కొత్త ఆయకట్టు 18.25 లక్షల ఎకరాలు అన్నారు. ఇంచుమించు అంతే పాత ఆయకట్టుకు నీరు స్థిరపరుస్తామన్నారు. సాగుకు పెట్టిన 169 టీఎంసీలూ కొత్త ఆయకట్టు ఒక్కదానికే ఇచ్చినా టీఎంసీకి 10,800 ఎకరాలు పారాలి. అంటే ఆ కాగితంలో ఉన్నది వరి మాగాణి కాదు, ఎక్కువ భాగం ఆరుతడి. కాలువ మొదట్లో అందరూ వరి నాటితే చివరి భూములకు నీరు చేరదని చెప్పడానికి ఇంజనీరు కావాలా? కాబట్టి ఆయకట్టు ఎన్ని ఎకరాలో అడగడంతో ఆగకండి. ఏ పంటకు లెక్క కట్టారో కూడా అడగండి.

లాభం, ఖర్చు

రూపాయి ఖర్చుకు ఎంత లాభం వస్తుందో చూసే నిష్పత్తి కూడా నివేదికలో ఉంటుంది. కేంద్ర జల సంఘం మార్గదర్శకాల ప్రకారం అది మామూలు ప్రాంతంలో 1.5, కరువు ప్రాంతంలో 1 ఉండాలి. ప్రాజెక్టుకు ముందు పంట విలువ ఎంత, తర్వాత ఎంత అన్న తేడానే లాభంగా చూపిస్తారు. దిగుబడి, ధర కొంచెం పెంచి రాస్తే నిష్పత్తి తేలిగ్గా పెరుగుతుంది. ఎత్తిపోతలైతే కరెంటు ఖర్చు తగ్గించి చూపినా అంతే. కాళేశ్వరానికి 1.51 అని చూపిన నిష్పత్తి, పెరిగిన వ్యయంతో లెక్కిస్తే 0.52కు పడిపోతుందని కాగ్ 2024 నివేదికలో చెప్పింది. మేడిగడ్డ పియర్లు కుంగింది అంతకు ముందు 2023 అక్టోబర్‌లో. నివేదికలో మీ జిల్లాకు రాసిన దిగుబడి మీ ఊళ్లో ఎవరికైనా వచ్చిందా? మీకంటే బాగా చెప్పగల సాక్షి లేడు.

ఎగువన ఆంక్ష, దిగువన మురుగు

మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు రైతులకు ఇది తెలిసిందే. జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద కాలనీలు రాకుండా 1996 మార్చి 8న జీవో 111 తెచ్చారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు తొలగించారు. భూమి ధర పెరుగుతుందని సంతోషించినవారు ఉన్నారు, కూరగాయల మళ్లు పోతాయని దిగులుపడినవారూ ఉన్నారు. పట్నం నీటికోసం పైరు తప్ప ఇంకేమీ పెట్టుకోవద్దన్నప్పుడు, అలా ఆగిన రైతుకు ఏటా కొంత సొమ్ము కట్టి ఉంటే ఈ ఇరకాటమే వచ్చేది కాదని నా అభిప్రాయం.

దిగువ సంగతి ఇంకా విచిత్రం. బచావత్ తీర్పు ప్రకారం పట్టణం తీసుకున్న నీటిలో 20 శాతమే ఖర్చయినట్టు లెక్క. కృష్ణా మూడు దశల్లో హైదరాబాద్ తీసుకునేది మొత్తం 16.5 టీఎంసీలు, కాగితం మీద వాడకం 3.3. మిగతా నీరు తిరిగి వస్తుందని అర్థం. వస్తుంది, మురుగై మూసీలో వస్తుంది. ఘట్‌కేసర్, బీబీనగర్, పోచంపల్లి వైపు ఆ నీటితోనే వరి, పశువుల గడ్డి పండిస్తున్నారు. కాళ్లకు దురద, గింజ తాలు వాళ్లకే తెలుసు. పట్నానికి కొత్త నీటి దశ ఏదైనా ప్రకటిస్తే, తిరిగి వచ్చే నీటిని ఎక్కడ శుద్ధి చేస్తారు, దానికి డబ్బు ఆ నివేదికలోనే ఉందా అని దిగువ రైతులు అడగాలి.

సభకు వెళ్లేముందు

పర్యావరణ అనుమతి కోసం పెట్టే ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. ఒకటి తెలుగు పత్రిక అయి ఉండాలి. నివేదిక సారాంశం తెలుగులో కూడా కలెక్టర్ కార్యాలయంలో, జిల్లా పరిషత్‌లో చూడటానికి ఉంచుతారు. నలుగురు కలిసి వెళ్లి, చదువుకున్న పిల్లవాడిని వెంట పెట్టుకుని, పైన చెప్పిన అంకెలు రాసుకు రండి. సభకు రాలేనివారు రాతపూర్వకంగా ఇవ్వొచ్చు.

డీపీఆర్ కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుం లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. నకళ్ల ఖర్చు వేరు. ‘ప్రాజెక్టు వివరాలు ఇవ్వండి’ అని రాస్తే కరపత్రం చేతిలో పెడతారు. ‘నీటి లభ్యత, పంటల సరళి, కేటాయింపు పట్టికల నకళ్లు’ అని రాయండి.

ఇంకొక్క మాట. సభలో మాట్లాడేసి భోజనాల వేళకు లేచి రాకండి. ఎవరు ఏమన్నారో రాసిన వివరాలను చివర్లో అందరికీ తెలుగులో చదివి వినిపించాలి, ఆ తర్వాతే అధికారి సంతకం పెట్టాలి. మీ ప్రశ్న అందులో లేకపోతే, సంతకం పడకముందే లేచి రాయించండి.